యుద్ధనౌకల నమూనాలు: సాక్ష్యవిచారము

ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాసము ఏటేట జరుగుచున్నదో ఆ పెద్దలు విశాఖపట్టణపు నౌకానిర్మాణశాలలో నక్షాలు గీయుచు ఉద్యోగజీవితము గడపినవారు. 1948 మార్చిలో 'జల ఉష' జవాహర్‌లాల్ నెహ్రూ చేతులమీదుగా జలప్రవేశము చేసిన కాలమును కన్నులార చూచినవారు. విశ్రాంతికాలమునందు కొయ్యతోను రేకుతోను చిన్న నౌకలను నిర్మించినవారు. వారి గుణసంపదను నాకంటె బాగుగ వర్ణింపగలవారు ఈ సభయందే కలరు. వారు జీవితాంతము విడువక పాటించిన నియమ మొకటి కలదు. గతించిపోయిన యుద్ధనౌకను చిన్నదిగ చేసి చూపబూనినవాడు సత్యమును ఎట్లు వెదకవలెనో తెలుపు నియమ మది. దానిని గూర్చి ప్రసంగించుటయే వారికి తగిన నివాళి యని నా నమ్మకము.

నా అభిప్రాయమును ముందుగనే చెప్పివేసెదను. చరిత్రకారుడు తనకు తెలియనిచోట 'బహుశః' అని వ్రాయగలడు. 'ఈ విషయమున ఏకాభిప్రాయము లేదు' అని పుట యడుగున సూచింపగలడు. అదియు కాదన్న ఆ ప్రస్తావననే తేకుండ ముందుకు సాగిపోగలడు. నమూనాశిల్పికి ఈ మూడు దారులును మూసికొనియే యున్నవి. ఓడ ప్రక్కనున్న కిటికీలు పన్నెండో పదమూడో తేలకున్నను ఏదో యొక సంఖ్య వేయక తప్పదు. డెక్కు రంగును గూర్చి పండితులు వాదులాడుకొనుచున్నను కుంచెను ఏదో యొక రంగులో ముంచక తప్పదు. కొయ్యకును లోహమునకును సందేహించుట చేతకాదు. అందుచేత నమూనాయందు ఎఱిగి చేసినదియు, ఊహించి చేసినదియు ఒకే నునుపుతో, ఒకే నిశ్చయముతో చూపరులకు గోచరించును. ఈ కారణముచేతనే పరిశోధనభారము గ్రంథకర్తకంటె శిల్పికి అధికమైనదని నేను తలంచుచున్నాను. ఆ భారమును తాను మోసిన తీరును అక్షరరూపమున నిలిపిననే గాని అతని పని పూర్తికాదనియు తలంచుచున్నాను.

ఈ విద్య నేటిది కాదు. 17వ శతాబ్దపు ద్వితీయార్ధమున ఇంగ్లండు నౌకాదళ పాలకమండలి కాలమున తయారైన నమూనాలు కొన్ని గ్రీనిచ్ నందలి జాతీయ సముద్రయాన వస్తుప్రదర్శనశాలలో నేటికిని భద్రముగ నున్నవి. అడుగుభాగమున పలకలు కప్పక, లోని వంపుకొయ్యలు బయటికి కన్పడునట్లు విడిచిన ఆ నౌకలలో పెక్కింటి కొలత అసలులో 48వ వంతు, అనగా అడుగునకు పావు అంగుళము. వానిని చేసినవారు అసలు ఓడలను ఎఱిగినవారు. సందేహము కలిగినచో రేవునకు పోయి చూచి వచ్చుట వారికి సాధ్యమైయుండెను. మనకా భాగ్యము లేదు. మనము వెదకు ఓడ మునిగిపోయినది, లేదా విఱిచి అమ్మబడినది, లేదా అనేకపర్యాయములు మరమ్మతుపొంది రూపు మారినది. కావున మనము సాక్షులను విచారించు న్యాయాధిపతివలె ప్రవర్తింపవలెను. ఏ సాక్షి ఏ విషయమున నమ్మదగినవాడో, ఏ విషయమున కాడో విడివిడిగ నిర్ణయింపవలెను.

మొదటి సాక్షి నక్షా. కొత్తగ ఈ పనికి దిగినవారు నక్షా దొరికిన వెంటనే ఇక వెదకవలసినది లేదని సంతోషింతురు. కాని నక్షా తెలుపునది సంకల్పమును. కట్టినవారి చేతిలో ఆ సంకల్పము ఏమైనదో అది తెలుపదు. మన దేశమున పుట్టిన ఓడనే ఉదాహరణముగ గైకొందము. బ్రిటిషు నౌకాదళముకొఱకు బొంబాయిలో వాడియాల నౌకానిర్మాణశాలయందు మలబారు టేకుతో నిర్మితమై, 1817 అక్టోబరు 12వ తేదీన జలప్రవేశము చేసి, నేడు ఇంగ్లండులోని హార్ట్‌లిపూల్ రేవున నిలిచియున్న 'ట్రింకోమలీ' వృత్తాంతమును వినుడు. దానిని నిర్మింపుమని 1812లోనే ఉత్తరువైనది. పోర్ట్స్‌మత్ నుండి నక్షాలు 'జావా' అను నౌకపై బయలుదేరినవి. ఆ మఱుసటి నెలలోనే 'జావా' అమెరికావారి 'కాన్‌స్టిట్యూషన్' తో పోరాడి నాశనమైపోగా నక్షాలును పోయినవి. రెండవ పర్యాయము పంపిన ప్రతులు బొంబాయి చేరునప్పటికి 1816 ఏప్రిల్ వచ్చినది. ఓక్ కొయ్యకని గీచిన గీతలను టేకుతో రూపొందించి, వేలమైళ్ల దూరమున కూర్చుండి గీచినవారి యభిప్రాయమును తన యనుభవముచేత పూరించినవాడు జంషెడ్జీ బొమన్జీ వాడియా అను పార్సీ శిల్పాచార్యుడు. లండను నక్షాను మాత్రమే చూచి ఈ ఓడ నమూనా చేయుట అనగా బొంబాయి పనివారి చేతిని చరిత్రనుండి తుడిచివేయుటయే. అందుచేత ఓడ పూర్తియైన పిమ్మట ఉన్నదున్నట్లు కొలిచి గీచిన నక్షా ఎక్కడనైన దొరకునేమో యని వెదకుట శిల్పికి మొదటి కర్తవ్యము.

కొలత యను మాటకు సంబంధించినదే మఱియొక వృత్తాంతము. స్వీడను రాజు కట్టించిన 'వాసా' 1628 ఆగస్టు 10వ తేదీన స్టాక్‌హోమ్ రేవు విడిచి మొదటి ప్రయాణముననే, మైలుదూరమైనను పోకుండ, ప్రక్కకు ఒరిగి మునిగిపోయినది. 1961లో దానిని పైకి తీసి పరీక్షించిన పండితులకు ఓడలో పనివారు వాడిన కొలకఱ్ఱలు నాలుగు దొరకినవి. వానిలో రెండు 12 అంగుళముల స్వీడను అడుగుకొలతవి, తక్కిన రెండు 11 అంగుళముల ఆమ్‌స్టర్‌డామ్ అడుగుకొలతవి. ఓడ కుడియెడమలు సరిసమానముగ లేవనియు, ఒకవైపు కొయ్య రెండవవైపు కొయ్యకంటె మందమనియు కూడ తేలినది. ఇట్టి ఓడకు రెండు ప్రక్కలను అద్దమున ప్రతిబింబించినట్లు ఒకే తీరున చేసిన నమూనా చూచుటకు ఎంత అందముగ నున్నను అది 'వాసా' కాదు. రంగు విషయమును ఇట్టిదే. ఆ ఓడ శిల్పములకు నీలిరంగు నేపథ్యమున బంగారుపూత యుండెనని చాలకాలము తలంచిరి; నమూనాలును అట్లే రంగులు దాల్చినవి. కొయ్య రంధ్రములలో మిగిలిన వర్ణద్రవ్యపు రేణువులను సూక్ష్మదర్శినితో పరీక్షించిన మీదట నేపథ్యము ఎఱుపనియు, శిల్పములు పలువన్నెలతో మెఱయుచుండెననియు నిశ్చయమైనది. వెనుకటి శిల్పులు అజాగ్రత్తపరులు కారు. వారికాలమున లభించిన సాక్ష్యము అంతవఱకే పలికినది. సాక్ష్యము మారిననాడు తన తీర్పును మార్చుకొనుటకు సంసిద్ధుడై యుండుట కూడ ఈ విద్యయందు భాగమే.

ఇక నక్షాయే లేకుండ పోయిన ఓడ సంగతి యేమి? దీనికి జపాను యుద్ధనౌక 'యమాటో' కంటె తగిన ఉదాహరణము నేనెఱుగను. 1937 నవంబరులో కూరె రేవున పని మొదలుపెట్టి, 1940 ఆగస్టులో నీట దింపి, 1941 డిసెంబరులో నౌకాదళమున చేర్చిన ఈ 263 మీటర్ల ఓడను జపాను ప్రభుత్వము శత్రువులకేకాక స్వజనులకును కన్పడనీయక దాచినది. దాని ప్రధానపు ఫిరంగుల గొట్టపు వ్యాసము 46 సెంటీమీటర్లు. కాని ప్రభుత్వపు కాగితములందు ఆ ఫిరంగికి పెట్టిన పేరు '40 సెంటీమీటర్లది' అని. అనగా రాజముద్ర పడిన పత్రమే బుద్ధిపూర్వకముగ అబద్ధమాడినది! పత్రము పాతదైనంతమాత్రమున, ప్రభుత్వమువారిదైనంతమాత్రమున ప్రమాణము కాజాలదని బోధించుటకు ఇంతకంటె నిదర్శన మేల? పిదప 1945 ఆగస్టులో పరాజయము నిశ్చయమైనప్పుడు నక్షాలును, ఛాయాచిత్రములును, లెక్కపత్రములును కుప్పలుగ పోసి తగులబెట్టిరి. మిగిలినవి కొందఱి శ్రద్ధవలన మిగిలినవి. నౌకాదళమున ఓడల నిర్మాణపు ఇంజనీరుగ పనిచేసిన ఫుకుయి షిజువో జీవితమంతయు కూడబెట్టిన చిత్రములును పత్రములును నేడు కూరె నగరపు ప్రదర్శనశాలకు ఆధారముగ నిలిచియున్నవి. రూపకర్తలలో నొకడైన హిరాగ యుజురు కాగితములు టోక్యో విశ్వవిద్యాలయమున భద్రపరుపబడినవి. యుద్ధానంతరము అమెరికా నౌకాదళపు నిపుణులు జపాను ఇంజనీర్లను ప్రశ్నించి వ్రాసికొన్న నివేదికలును కలవు.

రెండవ సాక్షి ఛాయాచిత్రము. 'యమాటో' చిత్రములు కొలదిగనే దక్కినందున ఒక్కొక్కటియు ఎంతో విలువైనది. 1941 సెప్టెంబరు 20వ తేదీన కూరె రేవున తీసిన చిత్రమును మనము కొంచెము నిదానించి చూతము. ముందువైపున అమరపు ప్రధాన టరెట్టు, దాని గొట్టములు. వెనుక నింగినంటు కట్టడము. డెక్కుపై చిందరవందరగ సామగ్రి, పనివారు. కుడియంచున విమానవాహక నౌక 'హోషో', దూరమున సరకు నౌక 'మమియా'. టరెట్టుచెంత నిలిచిన మనుష్యుని ఎత్తునుబట్టి తక్కిన కొలతలను లెక్కకట్టవచ్చును. ఈ విధముగ పేరెఱుగని యొక పనివాడు శిల్పికి కొలబద్ద యగుచున్నాడు. కాని ఇది పూర్తికాని ఓడ చిత్రమని మఱువరాదు. నాడు కన్పడని సామగ్రి పిదప బిగించియుండవచ్చును. నాడు కన్పడు పరంజా పిదప తీసివేసియుండవచ్చును. ఆ సంవత్సరమే అక్టోబరు 30వ తేదీన సుకుమో అఖాతమున పూర్ణవేగముతో పరుగిడుచుండగా తీసిన చిత్రమును దీని ప్రక్కనుంచి, రెండింటికిని గల భేదమును ఒక్కొక్కటిగ వ్రాసికొనవలెను.

నలుపుతెలుపు చిత్రమునుండి రంగును గ్రహింపబూనుట మఱింత ప్రమాదకరము. ఆనాటి ఫిల్ములలో ఎఱుపు సోకనివి కొన్ని కలవు. వానియందు ఎఱ్ఱని పతాక నల్లగను, నీలిరంగు తెల్లగను పడును. ఫిల్ము జాతి తెలియక, వెలుతురు దిక్కు తెలియక, బూడిదరంగులోని ముదురు లేతలనుబట్టి 'ఇది నీలము, అది ఎఱుపు' అని నిర్ణయించుట చీకటిలో చేయి చాచుటయే. సోదరనౌక చిత్రమును అరువు తెచ్చుకొనుట మఱియొక ఆపద. 'యమాటో'కు 1944లో అదనముగ చేర్చిన 12.7 సెంటీమీటర్ల జంటఫిరంగులు దాని సోదరియైన 'ముసాషి'కి అందలేదు. వాని స్థానమున చిన్నఫిరంగులనే పెట్టిరి. ఒకే నక్షానుండి పుట్టిన ఓడలును జీవితయాత్రయందు వేర్వేఱు రూపములు దాల్చును.

మూడవ సాక్షి సముద్రగర్భము. 1945 ఏప్రిల్ 7వ తేదీన మునిగిన 'యమాటో' శకలములను 1985లో నిస్సందేహముగ గుర్తించిరి. 1999లో మఱల దిగి పరీక్షించిరి. అణియమున బిగించిన రాజచిహ్నము, అనగా పదునాఱు రేకుల చేమంతి, వ్యాసము 1.5 మీటర్లని అంతవఱకు గ్రంథము లన్నియు ఒకదానిని చూచి యొకటి వ్రాసికొనుచు వచ్చినవి. నీటియడుగున కొలిచి చూడగా అది 1 మీటరు మాత్రమే. అల్పవిషయమని మీకు తోపవచ్చును. అసలులో 350వ వంతు నమూనాయందు ఈ భేదము ఒకటిన్నర మిల్లీమీటరును మించదు. కాని చిహ్నమునకు అణియపు వెడల్పుతో పొందిక కలదు. చిహ్నమును పెద్దది చేసినవాడు దానికి తగినట్లు అణియపు కొనను బలిపించును, దానినిబట్టి వంపును మార్చును, చివరకు ఓడ ముఖమే మాఱిపోవును. ఒక తప్పు కొలత ఒంటరిగ నుండక తన చుట్టునున్న కొలతలను తనవైపునకు లాగుకొనును. పది గ్రంథములు ఒకే సంఖ్యను చెప్పినచో పదిమంది సాక్షులు కలరని సంతోషింపక, ఆ పదింటికిని మూలమైన సాక్షి యొక్కడేనేమో యని విచారింపవలెనని ఈ చేమంతి మనకు నేర్పుచున్నది.

నాల్గవ సాక్షి మనుష్యుని జ్ఞాపకము. ప్రాణములతో బయటపడిన నావికుడు తాను కావలికాసిన ఫిరంగిపీఠమును గూర్చి చెప్పుమాటకు మిక్కిలి విలువ కలదు; తానడుగుపెట్టని ఓడభాగమును గూర్చి అతడు చెప్పుమాటకు ఆ విలువ లేదు. చిత్రకారుని సంగతియు ఆలోచింపదగినది. ట్రఫాల్గర్ యుద్ధమును 1820వ దశాబ్దమున టర్నర్ రాజుకొఱకు చిత్రించినాడు. యుద్ధారంభమునకు ముందు బ్రిటిషు నౌకాధిపతి నెల్సన్ తన నౌక 'విక్టరీ'పై ఎగురవేసిన సంకేతపతాకలు, పట్టపగలు కూలిన స్తంభము, సాయంకాలమునకు గాని తగులబడని ఫ్రెంచి నౌక 'అకిల్', ఇవన్నియు ఆ పటమున ఒక్క క్షణమున జరిగినట్లు నిలిచియున్నవి. కావ్యముగ అది మహత్తరము. కాని 'విక్టరీ' నమూనా చేయువానికి అది సాక్షి కానేరదు.

ఈ పటము నన్ను ముఖ్యవిషయమునకు చేర్చుచున్నది. నమూనాకు తేదీ యుండవలెను. 'యమాటో' అను ఓడ ఒకటి కాదు. 1941 నాటి 'యమాటో'కు నడుమ ఇరుప్రక్కల 15.5 సెంటీమీటర్ల మూడేసి ఫిరంగుల టరెట్టులు కలవు. 1944 ఆరంభమున వానిని తీసివేసి, విమానములపై కాల్చు 12.7 సెంటీమీటర్ల ఫిరంగులను 12 నుండి 24కు పెంచిరి. 1945 నాటికి డెక్కంతయు 25 మిల్లీమీటర్ల చిన్నఫిరంగులతో క్రిక్కిఱిసినది. 1765లో జలప్రవేశము చేసిన 'విక్టరీ' అమరమున తెఱపి వసారాలు కలవు. 1803 నాటికి ముగిసిన పెద్దమరమ్మతులో వానిని మూసివేసిరి, అణియపు బొమ్మనుకూడ మార్చిరి. జర్మనుల 'బిస్మార్క్' బాల్టిక్ సముద్రమున నలుపుతెలుపు చారలతో తిరుగాడినది. 1941 మే 21వ తేదీన నార్వేలోని బెర్గెన్ సమీపమున నిలిచియున్నప్పుడు ఆ చారలపై బూడిదరంగు పూసిరి. మూడు దినములకు బ్రిటిషు యుద్ధనౌక 'హుడ్' తో పోరాడినది చారలు లేని 'బిస్మార్క్'. చారలతోనున్న 'బిస్మార్క్' ను 'హుడ్' కు ఎదురుగ నిలిపినవాడు ప్రతిభాగమును సరిగ చేసినను మొత్తమున ఎన్నడును జరుగని సన్నివేశమును చేసినవాడగును. కావున పని మొదలిడుటకు పూర్వమే ఒక దినమును ఎన్నుకొనవలెను. పిదప దొరకిన ప్రతి సాక్ష్యమును 'నీవు ఆ దినమునకు ముందుదానవా, వెనుకదానవా?' అని ప్రశ్నింపవలెను.

నిలిచియున్న ఓడయైనను ఈ ప్రశ్నకు అతీతము కాదు. పోర్ట్స్‌మత్ లోని 'విక్టరీ'కి చిరకాలము పూసిన ముదురు పసుపు ట్రఫాల్గర్ నాటిదని లోకము నమ్మినది; పొరలుపొరలుగ పేరిన పాతరంగులను పరీక్షించిన పిమ్మట 2015లో అంతకంటె వెలిసిన లేతవన్నె పూసిరి. మన విశాఖ సముద్రతీరమున 2002 నుండి ప్రదర్శనశాలగ నున్న 'కుర్సురా' జలాంతర్గామిని మీలో పెక్కురు చూచియే యుందురు. 1969లో మన నౌకాదళమున చేరి 2001 వఱకు సేవచేసిన ఆ 91 మీటర్ల నౌకను చేతితో తాకి కొలుచుకొను అవకాశము మన యువకులకు కలదు. అది గొప్ప భాగ్యము. కాని సందర్శకులు లోనికి పోయి వచ్చుటకు దాని ప్రక్కన తెఱచిన ద్వారములు సముద్రమున సంచరించిన 'కుర్సురా'కు లేవు. ప్రదర్శనకొఱకు చేర్చినదేదో, సేవకాలమున నున్నదేదో వేఱుపఱచిననే ఆ కొలత పనికివచ్చును.

సర్వమును తెలిసినను సర్వమును చేయుట అసాధ్యము. 350వ వంతున 'యమాటో' 75 సెంటీమీటర్ల పొడవుండును. 2 సెంటీమీటర్ల మందముగల కమ్మి ఆ కొలతను 0.06 మిల్లీమీటరగును. దానిని చేసినను పై రంగుపొరయే దానికంటె మందమగును. ఇట్టిచోట దేనిని విడువవలెనో నిర్ణయించుట పరిశోధనాఫలమే గాని సోమరితనము కాదు. తెలిసి విడిచినదానికిని, తెలియక విడిచినదానికిని భేదము కలదు.

ఈ భేదము నమూనాను చూచినవారికి తెలియదని మొదటనే మనవి చేసితిని. దానిని తెలుపుటకు ఉన్న ఉపాయ మొక్కటే, నమూనాతోపాటు ఆధారముల పుస్తకమును ఉంచుట. మనము స్మరించుచున్న పెద్దలు ప్రతి నౌకకును ఒక నోటుబుక్కు వ్రాసిరి. అందు ఎడమవైపున చేసిన భాగము, కుడివైపున దాని ఆధారము. ఆధారము లేనిచోట 'ఊహ' అను నొక్కమాట, దానిక్రింద గీత. గాజుపెట్టెలోని నమూనా చెప్పలేని 'బహుశః' అను మాటను ఆ నోటుబుక్కు చెప్పుచున్నది. కొత్త సాక్ష్యము బయల్పడిననాడు ఏ భాగమును విప్పి సరిదిద్దవలెనో అది తరువాతివానికి చూపును. ఇట్టి పుస్తకము లేని నమూనా ఎంత నేర్పుతో చేసినదైనను విచారణకు నిలువని సాక్ష్యమని నా తీర్పు.

ఇంత శ్రమ ఎందులకని అడుగువారుందురు. కూరె ప్రదర్శనశాలలో 2005 నుండి 'యమాటో' పదవవంతు నమూనా, 26.3 మీటర్ల పొడవుగలది, ప్రదర్శింపబడుచున్నది. ఆ ఓడతో జలసమాధియైనవారు దాదాపు 3,000 మంది. తన తండ్రియో తాతయో ఎచ్చట నిలిచి ప్రాణము విడిచెనో చూపుడని వారి సంతతివారు అడిగినప్పుడు, వ్రేలు చూపిన స్థలమున ఆ ఫిరంగి నిజముగ ఉండియుండవలెను. యుద్ధనౌక ఆయుధమైనట్లే నివాసమును, తుదకు సమాధియును ఐనది. దానిని గూర్చి సులభమైన అబద్ధమును చెప్పుటకు మనకు హక్కు లేదు.

కడపట ఒక విన్నపము. తూర్పు నౌకాదళమునకు స్థానమైన విశాఖయందును, ఆంధ్రతీరమున ఇతర పట్టణములందును, తెలంగాణ పల్లెలందును నౌకాదళమున పనిచేసి వచ్చినవారి కుటుంబములు ఎన్నియో కలవు. ఆ యిండ్ల పెట్టెలలో పాత ఛాయాచిత్రములు, ఉత్తరములు, సేవాపుస్తకములు, చేతితో గీచిన పటములు పడియున్నవి. దయచేసి వానిని చెదలపాలు చేయకుడు. ఇంటి పెద్దలు జీవించియుండగనే వారి సరసను కూర్చుండి, ప్రతి చిత్రము వెనుకను మెత్తని పెన్సిలుతో ఓడ పేరు, రేవు పేరు, తేదీ, చిత్రమున కన్పడువారి పేర్లు వ్రాసిపెట్టుడు. రహస్యములు కానివానికి ప్రతులు తీయించి, వానిని భద్రపఱుపగల గ్రంథాలయమునకో ప్రదర్శనశాలకో అందజేయుడు. రేపు మన ఓడలను చిన్నవిగ చేసి చూపబోవు పిల్లలకు అవియే ప్రమాణములు. ఈ పనిని ఈ వారముననే ఆరంభింపుడని మీ యందఱిని వేడుకొనుచు సెలవు తీసికొనుచున్నాను.